కాలిన పవర్ టిల్లరును ఇంటివద్ద బాగుచేసికొనుట

(రైతుల సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



ఈనాడు నేను మాట్లాడబోవునది విత్తనమును గూర్చి గాని, ఎరువును గూర్చి గాని కాదు. నిప్పులో కాలిన పవర్ టిల్లరును గూర్చి. పైరుల సంగతి చెప్పవలసినవాడు యంత్రముల సంగతి చెప్పుట ఏమని మీకు తోచవచ్చును. నాలుగు సంవత్సరముల క్రిందట మా ఇంటిలో జరిగినది మొదట చెప్పెదను. కారణము మీకే తెలియును.

ఆ యేడు సార్వా కోత మిషనుతో ముగిసినది. దాళ్వాకు పొలము త్వరగా తయారు కావలెనని మా అన్నగారు కొయ్యకాళ్లకు నిప్పు పెట్టించిరి. అట్లు చేయరాదని తరగతిలో విద్యార్థులకు చెప్పు నేను ఇంటివద్ద గట్టిగా చెప్పలేకపోతిని. మధ్యాహ్నము గాలి మళ్లినది. నిప్పు గట్టు దాటి గడ్డివామును అంటుకొని, దాని ప్రక్కనున్న తాటాకు పాకను పట్టినది. పవర్ టిల్లరు ఆ పాకలోనే ఉన్నది. మనుషులకు, పశువులకు ఏమియు కాలేదు, అదే పదివేలు. కాని టిల్లరు టైర్లు కాలి లోపలి తీగలు మాత్రమే మిగిలినవి. బెల్టులు బూడిదయినవి. ఇంజను నల్లని ముద్దవలె ఉన్నది. మరునాడే పాత ఇనుము కొనువాడు వచ్చి, తూకమునకు తీసికొనెదనన్నాడు. దమ్మునకు మూడు వారములు గడువున్నది. తుక్కునకు అమ్మవలెనా, బాగుచేయవలెనా?

ఈ ప్రశ్న మీలో ఎవరికైనను ఎదురుకావచ్చును. కావున దానికి జవాబు వెదకు పద్ధతిని, మేము చేసిన పొరపాటుతో సహా చెప్పెదను.

ముట్టుటకు ముందు

మంట లేచినపుడు మొదట మనుషులను, పశువులను దూరముగా తరలించి, 101కు ఫోను చేసి అగ్నిమాపక దళమును పిలువవలెను. మంట ఆరిన తరువాత మాత్రము తొందర కూడదు. ఇంకను కాలుచున్న పోత ఇనుముపై చన్నీరు కుమ్మరించినచో అది పగులును. దానంతట అది చల్లారనీయవలెను.

యంత్రమునకు బీమా ఉన్నచో దానిని కదపక, కడుగక, నాలుగు వైపులనుండి ఫోటోలు తీసి కంపెనీవారికి వెంటనే తెలియజేయవలెను. బ్యాంకు అప్పు ఉన్నచో బ్యాంకువారికి కూడ తెలుపవలెను. సర్వేయరు చూడకముందే విప్పినచో పరిహారము విషయమున చిక్కులు రావచ్చును.

ఆ పని అయిన వెంటనే శుభ్రము చేయుటకు పూనుకొనవలెను. విద్యుత్ తీగల పైతొడుగు కాలినపుడు పుట్టు పొగలో ఆమ్లము ఉండును. అది మసితో కలిసి ఇనుముపై కూర్చుండును. దానికి మంచు తేమ తోడయినచో కొలది దినములలోనే తుప్పు పట్టును. మంట ఆర్పుటకు వాడిన పొడి మందు కూడ తేమ తగిలిన పిమ్మట లోహమును తినును.

ఒక హెచ్చరిక. కాలి జిగటగా మారిన ఆయిల్ సీళ్లను, రబ్బరు రింగులను ఒట్టి చేతితో ముట్టరాదు. కొన్ని రకముల సీళ్లు తీవ్రముగా కాలినపుడు చర్మమును లోతుగా తినివేయు ఆమ్లము పుట్టును. దళసరి రబ్బరు తొడుగులు ధరించవలెను. పాత క్లచ్చి ప్లేట్లలో రాతినార ఉండవచ్చును గనుక ఆ దుమ్మును నోటితో ఊదక, తడిగుడ్డతో తుడువవలెను.

ఎంత వేడి తగిలినదో యంత్రమే చెప్పును

బాగుపడునా, పడదా అని తేల్చుటకు మొదట తెలియవలసినది యంత్రములో ఏ భాగమునకు ఎంత వేడి తగిలినదన్న సంగతి. దీనికి కొలత పరికరము అక్కరలేదు. పాలిథీన్ వస్తువులు 110 మొదలు 130 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య కరగును. తగరము, సీసము కలిపి మాటు వేసిన అతుకులు సుమారు 190 డిగ్రీలకు విడిపోవును. ఒట్టి సీసము 327 డిగ్రీలకు కరగును. అల్యూమినియము 660 డిగ్రీలకు కరగును. దాని పోత మిశ్రమములు కొంచెము ముందుగానే మెత్తబడును. పోత ఇనుము కరగుటకు 1150 డిగ్రీలు దాటవలెను. కావున ఇంజను దిమ్మ చాల వరకు నిలుచును, చుట్టునున్నవి పోవును.

మా టిల్లరులో గాలివైపున ఉన్న అల్యూమినియపు మూత ఒకటి కరగి జారినది. రెండవ వైపున ప్లాస్టిక్కు పిడి వంగినదే గాని పూర్తిగా కరగలేదు. అనగా ఒకే యంత్రమునకు ఒక ప్రక్క 600 డిగ్రీలకు పైగా, మరియొక ప్రక్క 130 డిగ్రీలకు లోపుగా వేడి తగిలినదన్నమాట. కాగితముపై యంత్రము బొమ్మ గీసి, ఏ ప్రక్క ఏది కరగినదో గుర్తు పెట్టుకొనుడు. తరువాతి నిర్ణయములన్నిటికి అదియే ఆధారము.

కమ్మరి పదును పెట్టునపుడు రంగులు చూచుట మీరెరుగుదురు. మెరుగుపెట్టిన ఉక్కు సుమారు 230 డిగ్రీలకు ఎండుగడ్డి రంగును, 280 డిగ్రీలకు వంగపండు రంగును, 300 డిగ్రీలకు నీలి రంగును పొందును. షాఫ్టుల మెరుగు భాగములపై ఈ రంగులు కనబడినచో అక్కడి పదును తగ్గినదని అనుమానించవలెను.

మూడు కుప్పలు

విప్పిన సామానును మూడు కుప్పలుగా వేయవలెను. మొదటి కుప్ప, మరి ఆలోచన లేక మార్చవలసినవి: టైర్లు, ట్యూబులు, బెల్టులు, రబ్బరు గొట్టములు, ఆయిల్ సీళ్లు, గ్యాస్కెట్లు, విద్యుత్ తీగలు, వేడి తగిలిన స్ప్రింగులు, నిప్పు ప్రక్కనున్న బేరింగులు. తలపై 8.8 వంటి అంకె ఉన్న గట్టి బోల్టులు ఎర్రగా కాలినచో వాటి స్థానమున అదే అంకె గలవానినే వేయవలెను. డీజిలు ట్యాంకు కాలినచో క్రొత్తది కొనుట మేలు. ఖాళీ ట్యాంకునకు ఎట్టి పరిస్థితిలోను ఇంటివద్ద వెల్డింగు చేయరాదు. లోపల మిగిలిన ఆవిరి ప్రేలి ప్రాణము తీయగలదు.

రెండవ కుప్ప, పరీక్షించి నిర్ణయింపవలసినవి: సిలిండరు హెడ్డు, గేరు పెట్టె తొడుగు, ఇంజెక్టరు, డీజిలు పంపు, షాఫ్టులు. మూడవ కుప్ప, శుభ్రము చేసిన చాలునన్నవి: ఇనుప చట్రము, ఫ్లై వీలు, రోటరు కత్తుల చట్రము మొదలగునవి.

ఏదియు కొనకముందే మొదటి రెండు కుప్పల ఖరీదు వ్రాసి కూడవలెను. మేము పెట్టుకొన్న కట్టుబాటు ఇది: అంతే వయసుగల పాత టిల్లరు బజారు ధరలో సగమునకు మించినచో విడిచిపెట్టుట. ఇంజను దిమ్మ పగిలినను, గేరు పెట్టె తొడుగు వంకర తిరిగినను లెక్క చూడనక్కరలేదు, తుక్కునకు ఇచ్చివేయవచ్చును. మాకు సగము లోపుగనే తేలినది.

ఇంజను పని

గాలి పోవు దారిని, పొగ గొట్టమును గుడ్డతో బిగించి, మసిని మొదట పొడి బ్రష్షుతో రాల్చవలెను. తరువాత ఒక బకెట్టు నీటిలో రెండు గుప్పిళ్ల వంటసోడా కలిపి కడిగి, మంచినీటితో మరల కడిగి, ఎండలో ఆరబెట్టి, నూనె పలుచగా పూయవలెను. సోడా ఆమ్లమును విరుచును.

ఇంజను నూనెను, గేరు నూనెను పూర్తిగా దింపవలెను. నూనె పాలవలె తెల్లబారినచో మంటలార్పిన నీరు లోపలికి పోయినదన్నమాట. అప్పుడు లోపలి భాగములను డీజిలుతో కడుగవలెను.

ఇంజను తిరుగకున్నచో బలవంతము చేయరాదు. ఇంజెక్టరు ఊడదీసి, ఆ రంధ్రము గుండ రెండు మూడు చెంచాల డీజిలు పోసి రాత్రియంత నాననీయవలెను. ఉదయము ఫ్లై వీలును చేతితో ముందుకు వెనుకకు మెల్లగా కదల్పవలెను. ఇంజెక్టరు తీసియుంచియే త్రిప్పవలెను. లేనిచో లోపలి ద్రవము పిస్టనుకు అడ్డుపడి కడ్డీ వంగును.

హెడ్డు విప్పిన పిమ్మట పగుళ్లు వెదకుటకు చవకయిన పద్ధతి ఒకటి కలదు. శుభ్రము చేసిన లోహముపై డీజిలు పూసి అరగంట యుంచి, పొడిగా తుడిచి, సీమసున్నమును నీటిలో కలిపి పలుచగా పూసి ఆరనీయవలెను. పగులు ఉన్నచో అందులో దాగిన డీజిలు తెల్లని పూతపై గీతవలె ఊరి కనబడును. వాల్వుల నడుమ తప్పక చూడవలెను. హెడ్డు వంగినదేమో ఇనుప స్కేలు నిలిపి సందు కొలిచి, యంత్రముతో వచ్చిన పుస్తకములోని పరిమితితో పోల్చవలెను. కొంచెము వంగినచో లేతు పనివారు చదును చేసి ఇత్తురు.

ఇంజెక్టరును, డీజిలు పంపును ఇంటివద్ద విప్పరాదు. వాటి పని పంపు షాపువారికే ఒప్పగించవలెను. ఇంజెక్టరు నుండి వెడలు తుంపర ఎదుట చేయి పెట్టరాదు. అది చర్మమును చీల్చి లోపలికి పోగలదు.

బిగించిన తరువాత నీటి తొట్టిని నింపి ఒక రాత్రి వదలవలెను. ఉదయము నూనె మట్టము పెరిగినను, తెల్లబారినను, లైనరు క్రింది రబ్బరు రింగులు పోయినవని గ్రహించి మరల విప్పవలెను.

మేము చేసిన పొరపాటు

ఇంతవరకు చెప్పినదంతయు మేము శ్రద్ధగనే చేసితిమి. ఒక్కచోట మాత్రము పిసినారితనము చూపితిమి. గాలివైపు చక్రపు ఇరుసులోని బేరింగు చేతితో త్రిప్పి చూచిన నున్నగా తిరిగినది. దానిలోని గ్రీసు బొగ్గయి యున్నది. దానిని కడిగి క్రొత్త గ్రీసు పెట్టితిమి. బొమ్మపై ఆ ప్రక్కనే 600 డిగ్రీల గుర్తు ఉన్నది. ఆ గుర్తు నేనే పెట్టితిని. అయినను, బాగుగనే తిరుగుచున్నది గదా యని ఊరకుంటిమి.

దమ్ము మొదలైన రెండవనాడు, మడి నడుమ, ఆ బేరింగు పగిలి ఇరుసును గీరివేసినది. టిల్లరును బురదలోనుండి తీయుటకే ఒక పూట పట్టినది. ఇరుసు మార్చుటకు నాలుగు దినములు పోయినవి. నారు ముదురుచున్నది, బాడుగ ట్రాక్టరుతో మిగిలిన దమ్ము చేయించితిమి. బేరింగు ఖరీదునకు ఎన్నో రెట్లు బాడుగకే పోయినది. మా ఊరి కమ్మరి ఆ బేరింగును చేతిలోనికి తీసికొని చూచి, "నిప్పులో పడ్డ కొడవలి మళ్లీ కోస్తుందా బాబూ?" అని మాత్రము అన్నాడు.

బేరింగు ఉక్కు 200 డిగ్రీలు దాటి వేడెక్కినచో గట్టిదనము తగ్గనారంభించును. చేతితో త్రిప్పినపుడు అది తెలియదు. బరువు పడినపుడే తెలియును. గ్రీసు బొగ్గయిన బేరింగును నమ్మరాదు. ఈ ఒక్క మాట గుర్తుంచుకొన్నను నా ప్రసంగము ఫలించినట్లే.

మొదటిసారి నడుపుట

బెల్టులు తగిలింపక, ఇంజనును ఒంటిగా మొదట నడుపవలెను. యాక్సిలరేటరు తీగ, గవర్నరు కడ్డీలు ఇరుకు లేక కదలుచున్నవో లేవో ముందే చూడవలెను. అవి పట్టుకొనినచో ఇంజను అదుపు తప్పి వేగమందుకొనును. అందులకై గాలి దారిని మూయుటకు చదునయిన చెక్క ఒకటి సిద్ధముగా ఉంచుకొనవలెను. అరచేతితో మూయరాదు. ప్రక్కన ఇసుక బకెట్టు ఉండవలెను. పిల్లలను దగ్గరకు రానీయరాదు.

ఐదు నిమిషములు నడిపి ఆపి, నూనె, నీరు, డీజిలు ఎక్కడ కారుచున్నవో చూడవలెను. తరువాత బెల్టులు వేసి మెరకలో నడుపవలెను. అటు పిమ్మట తేలిక పని, చివరకే దమ్ము. రంగు వేయుట అన్నిటికన్న చివరి పని. ముందుగా వేసినచో పగులును, కారుటను రంగు దాచివేయును.

చివరి మాట

ఆ టిల్లరు ఇప్పటికిని పనిచేయుచున్నది. కాని దానిని బాగుచేయుటకంటె తగులబడకుండ చూచుకొనుట ఎంతయో సులభము. గడ్డివాము ప్రక్కన యంత్రమును, డీజిలును ఉంచరాదు. రేడియేటరు, పొగ గొట్టము చుట్టు చేరు గడ్డిని ప్రతిదినము తీసివేయవలెను.

మరియొక సంగతి. ఒక టన్ను వరిగడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని, 25 కిలోల పొటాషు ఉండును. కాల్చినపుడు ఆ నత్రజని దాదాపు అంతయు గాలిలో కలియును. ఆ సంవత్సరము మొదలు మా పొలములో నిప్పు పెట్టలేదు. ఎకరమునకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేటు చల్లి, నీరు పెట్టి, కొయ్యకాళ్లను నాటుటకు రెండు మూడు వారముల ముందే కలియదున్నుచున్నాము. దున్నునది ఆ కాలిన టిల్లరే. తరగతిలో చెప్పు మాటను ఇంటివద్ద కూడ గట్టిగా చెప్పవలెనని నేను నేర్చుకొన్నది దానివలననే.