అవధానం: వినేవారుంటేనే నిలిచే విద్య
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వచ్చే ఏడాది ఒక శని, ఆదివారాలు పద్యపఠనానికి, అష్టావధానానికి కేటాయించాలని కార్యవర్గం ముందు ఒక ప్రతిపాదన ఉంది. దాని గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను ఆదేశించారు. "కరువు భత్యం బకాయిలు, వైద్య ఖర్చుల బిల్లులు తేలకుండా మనకు పద్యాలెందుకండీ?" అని కొందరు మిత్రులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పేముందు, అవధానం చూడని పిల్లలు కూడా ఈ సభలో ఉన్నారు కనుక, అదేమిటో క్లుప్తంగా మనవి చేస్తాను.

అవధానం అంటే ఏకాగ్రత. మధ్యలో అవధాని కూర్చుంటారు. చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు వేసేవారు ఉంటారు. ఒకరు అర్థం పొసగనట్టు కనబడే ఒక పాదాన్ని సమస్యగా ఇస్తారు. మిగిలిన మూడు పాదాలతో దానికి చక్కని అర్థం కుదర్చాలి. నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు అవధాని ఒక్కో అక్షరం చెప్పగానే తరువాత ఏ అక్షరం రాకూడదో నిషేధిస్తారు. ఒకరు వర్ణన అడుగుతారు, ఒకరు ఆశువుగా పద్యం చెప్పమంటారు. ఒకరు మధ్యమధ్య గంట కొడుతుంటారు, చివరికి ఎన్ని గంటలు కొట్టారో అవధాని చెప్పాలి. అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన పని అడ్డు తగలడమే! అవధాని చేతిలో కాగితం, కలం ఉండవు. సాధారణంగా ఒక్కో ఆవృత్తికి ఒక్కో పాదం చొప్పున పద్యాలు చెప్పుకుంటూ పోతారు. చివర ధారణలో ఆ పద్యాలన్నీ మొదటినుంచి వరుసగా అప్పజెబుతారు.

దత్తపది అనే అంశం పిల్లలకు కూడా నచ్చుతుంది. టీ, పాలు, కప్పు, పొడి అనే నాలుగు మాటలిచ్చి భారతార్థంలో పద్యం చెప్పమన్నారనుకోండి. కృష్ణుడు అర్జునుణ్ణి "కిరీటీ!" అని పిలిస్తే అందులో టీ వచ్చింది. రాజ్యంలో పాండవులు అడిగిన వాటా పాలు. నిండు సభలో ద్రౌపదికి వలువలు కప్పు దేవుడు కృష్ణుడు. భీముడు దుర్యోధనుడి తొడలు పొడి చేశాడు. హోటల్లో మాటలన్నీ కురుక్షేత్రానికి చేరిపోయాయి! ఛందస్సులో ఇమడ్చడం మాత్రం అవధాని విద్య. కానీ ఈ కిటుకు తెలిసి ఆనందించడానికి మనకు పాండిత్యం అక్కరలేదు, చెవి ఒగ్గితే చాలు.

ఈ విద్యను తెలుగునాట ఊరూరా తిప్పినవారు తిరుపతి వేంకట కవులు. దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి గార్లు గద్వాల, ఆత్మకూరు, వేంకటగిరి, పిఠాపురం వంటి సంస్థానాల్లో ప్రతిభ చూపి మెప్పు పొందారు. తిరుపతి శాస్త్రి గారు కాలధర్మం చెందాక కూడా వేంకట శాస్త్రి గారు జంట పేరుతోనే రచనలు చేశారు. ఆయన 1950లో పరమపదించారు. వారి పాండవోద్యోగ నాటకాల పద్యాలు అక్షరం ముక్క రానివారి నోట కూడా పలికాయి. పుస్తకం చదివి నేర్చినవి కావవి. రాత్రంతా నాటకం చూసి, "వన్స్‌మోర్" కొట్టి, మరోసారి విని నేర్చినవి.

నేను చెప్పదలచిన అసలు విషయం ఇదే. ఇది చెవి ద్వారా వచ్చిన సంపద. అవధానిని సంపాదించడం నేటికీ కష్టం కాదు. యువ అవధానులు వస్తున్నారు, మహిళలూ చేస్తున్నారు. అమెరికాలోని తెలుగువారి సభల్లోనూ అవధానాలు జరుగుతున్నాయి. కొరత వినేవారికే. మూడో పాదంలో అవధాని ఎక్కడికి తిప్పబోతున్నారో ముందే పసిగట్టి "ఆహా" అనే శ్రోత లేకపోతే ఆ సభ చప్పబడిపోతుంది.

మా మనుమరాలికి తెలుగు చదవడం రాదు. ఇంగ్లీషు మీడియం చదువు. కాని వాళ్ల నాయనమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ చెప్పిన వేమన పద్యాలు పది దాకా తప్పు లేకుండా అప్పజెబుతుంది. "రాయడం రాదు తాతయ్యా, అనడం వచ్చు" అంటుంది. మన ఇళ్లలో చాలామంది పిల్లల పరిస్థితి ఇదే. వారికి లిపి తలుపు మూసుకుపోయినా చెవి తలుపు ఇంకా తెరిచే ఉంది. అదెంతకాలం తెరిచి ఉంటుందన్నది మన మీద ఆధారపడి ఉంది.

ఇప్పుడు మిత్రుల ప్రశ్నకు వస్తాను. బకాయిల కోసం అర్జీలు పెట్టవలసిందే, కార్యాలయాల చుట్టూ తిరగవలసిందే. అది ఆపమని నేననను. కాని మన ప్రతి సమావేశంలో మొదటి అంశం ఏమిటి? సంతాప తీర్మానం, రెండు నిమిషాల మౌనం. ఆ పోయినవారిలో నాటకాల్లో వేషాలు కట్టినవారున్నారు, ఆఫీసులో ఫైళ్ల మధ్య సమస్యాపూరణలు చేసినవారున్నారు. వారితోపాటు వారి నోట ఉన్నదీ పోయింది. రావలసిన బకాయి ఆలస్యమైనా వారసులకు అందవచ్చు. నోటి పద్యానికి ఫ్యామిలీ పెన్షను లేదు.

అందుచేత నా సూచనలు ఇవి. శనివారం సాయంత్రం మన సభ్యులూ పిల్లలూ తమకు వచ్చిన పద్యాలు చదవాలి. రాగం రాకపోయినా ఫరవాలేదు. ఆదివారం ఉదయం అష్టావధానం పెడదాం. సుమారు మూడు గంటల పని, తరువాత భోజనాలు. గంట కొట్టే బాధ్యత ఒక చిన్నపిల్లకు ఇద్దాం. దత్తపదికి నాలుగు మాటలు పిల్లలనే ఎంచుకోమందాం. వినికిడి తగ్గిన సభ్యులకు ముందు వరుస కుర్చీలు ఉంచుదాం. శాలువలు, పూలదండల ఖర్చు తగ్గించి మంచి మైకు, రికార్డింగు ఏర్పాటు చేసుకుందాం. నడవలేని సభ్యుల ఇంటికి మన పిల్లలే వెళ్లి, వారి నోట ఉన్న పద్యాలను సెల్‌ఫోనులో రికార్డు చేసి తేవచ్చు.

ఈ ప్రతిపాదనను సభవారు ఆమోదించవలసిందిగా కోరుతున్నాను. ఆ రెండు రోజులూ ఎవరూ ఒంటరిగా రావద్దని, మనుమడినో మనుమరాలినో చేయి పట్టుకుని తీసుకురమ్మని ప్రార్థిస్తూ సెలవు తీసుకుంటున్నాను.