ముల్లర్ నుంచి మిల్లర్ దాకా



తెలుగు ఉత్సవంలో జర్మను ఇంటిపేరు గురించి ప్రసంగమేమిటని మీలో కొందరికి సందేహం కలగవచ్చు. న్యాయమైన సందేహమే. కాని ఈ దేశానికి మనకంటె చాలా ముందుగా, మనకంటె ఎన్నో రెట్లు ఎక్కువమంది వచ్చి స్థిరపడినవారు జర్మనులు. వారి పేర్లకు ఇక్కడ ఏమి జరిగిందో చూస్తే, మన ఇంటిపేర్లకు ఏమి జరగబోతున్నదో కొంత తెలుస్తుంది. అందుకని ఒకే ఒక్క పేరు తీసుకున్నాం. ఆ పేరు ముల్లర్.

ఇది మనకు కొత్త పేరు కాదు. ఋగ్వేదాన్ని సాయణ భాష్యంతో సహా 1849 నుంచి 1874 వరకు ఆరు సంపుటాలుగా అచ్చు వేయించిన మాక్స్ ముల్లర్ పేరు మన తాతల కాలం నుంచీ వింటున్నదే. ఆయన తన పేరును సంస్కృతంలో మోక్షమూలర భట్టు అని రాసుకున్నాడు. మోక్షమూ మూలమూ రెండూ కలిసివచ్చాయి, ఇక కావలసిందేముంది! అసలు అర్థం మాత్రం అంత వేదాంతం కాదు. ముల్లర్ అంటే పిండిమర నడిపేవాడు. లాటిను భాషలో తిరగలి రాయిని మోలా అంటారు. ఆ మాటలోంచే మర పేరూ, మర నడిపేవాడి పేరూ పుట్టాయి.

జర్మనీలో అన్నిటికంటె ఎక్కువ మందికి ఉన్న ఇంటిపేరు ఇదే. ఎందుకని? మధ్యయుగాలలో ఊరి ప్రజలు తమ ధాన్యాన్ని తమ ప్రభువు మరలోనే ఆడించుకోవాలన్న కట్టడి చాలాచోట్ల ఉండేది. కనుక ఊరూరా మర ఉండేది, దానికి ఒక మరవాడు ఉండేవాడు. పన్నెండో శతాబ్దం నుంచి పట్టణాలు పెరిగి, పన్నుల లెక్కలు రాయవలసి వచ్చినప్పుడు, ఊళ్లో పదిమంది హాన్సులుంటే ఏ హాన్సో తెలియాలి కదా. మర నడిపే హాన్సు, ఇనుము కొట్టే హాన్సు అని రాశారు. ఒక ఊళ్లో పదిమంది మరవాళ్లుంటే ఆ పేరు ఎవరినీ గుర్తుపట్టడానికి పనికివచ్చేది కాదు. ఊరికొక్కడే ఉండబట్టి, అటువంటి ఊళ్లు వేలకు వేలు ఉండబట్టి, ఆ పేరు అంతగా వ్యాపించింది.

దాని వెనుక వచ్చే పేర్లు చూడండి. ష్మిట్ కమ్మరి. ష్నైడర్ దర్జీ. ఫిషర్ జాలరి. వేబర్ సాలెవాడు. వాగ్నర్ బండ్లు చేసే వడ్రంగి. షుల్జ్ గ్రామ పెద్ద. చదువుతుంటే మన పాత ఊళ్లలోని పన్నెండుగురు ఆయగాళ్ల పట్టీ చదువుతున్నట్టే ఉంటుంది.

అయితే ఇక్కడే పెద్ద తేడా ఉంది. మాక్స్ ముల్లర్ తండ్రి విల్హెల్మ్ ముల్లర్ గొప్ప కవి. మర యజమాని కూతురిని ప్రేమించిన కుర్రవాడి మీద ఆయన రాసిన గీతాలకు షూబర్ట్ 1823లో బాణీలు కట్టాడు. ఆ విల్హెల్మ్ తండ్రి వృత్తి ఏమిటనుకున్నారు? దర్జీ పని. పేరు పిండిమరది, పని సూదిది, కొడుకు కవి, మనుమడు వేదపండితుడు. వృత్తి జారిపోయింది, పేరు ఉండిపోయింది.

మన దగ్గర అలా జరగలేదు. వృత్తి పుట్టుకతో ముడిపడి కులమై కూర్చుంది. సాలెవీధిలో అందరూ సాలెవారే అయినప్పుడు సాలె అన్న మాట ఒక ఇంటిని ఇంకొక ఇంటి నుంచి వేరుచేయలేదు. అందుకే మన ఇంటిపేర్లలో ఎక్కువ భాగం ఊళ్ల పేర్లు. వృత్తిని చెప్పేవి లేకపోలేదు: జోస్యుల, పురాణం, పూజారి, కరణం. కాని ఇవన్నీ చదువుకూ, అధికారానికీ చెందిన పనులని గమనించారా? చేతిపనుల వారికి ఆ పని పేరును ఎక్కువగా బయటివాళ్లే తగిలించారు. పాలకుర్తి ఐలమ్మగారి ఇంటిపేరు చిట్యాల. లోకం ఆమెను చాకలి ఐలమ్మ అనే పిలిచింది. తన పంటను దొరకు దక్కనివ్వకుండా నిలబడిన మనిషి కనుక, ఆ మాటను కించపరిచే మాటగా ఉండనివ్వలేదు. 2024లో హైదరాబాదులోని మహిళా విశ్వవిద్యాలయానికి తెలంగాణ ప్రభుత్వం పెట్టింది ఆ పేరే.

ఇప్పుడు ఈ దేశానికి వద్దాం. పెన్సిల్వేనియాలో జర్మన్‌టౌన్ 1683లో వెలసింది. ముల్లర్‌లో ఒక అచ్చు ఉంది. పెదవులు ఉకారానికి పెట్టి నాలుకతో ఇకారం పలకాలి. జర్మను లిపిలో దానికి ఉకారం మీద రెండు చుక్కలు. ఇంగ్లీషు లిపిలో ఆ చుక్కలు లేవు. కొందరు చుక్కలు మానేశారు, కొందరు వాటికి బదులు ఇంకొక అక్షరం చేర్చారు. మాజీ ఎఫ్.బి.ఐ. అధిపతి రాబర్ట్ మల్లర్ పేరు రాత ఒకలాగా, పలుకు ఒకలాగా ఉండటానికి కారణం ఈ చుక్కలే. చాలామంది హాయిగా మిల్లర్ అయిపోయారు. ఇంగ్లీషులోనూ అర్థం అదే కనుక నష్టపోయినట్టు కూడా అనిపించలేదు. 2010 జనాభా లెక్కల్లో సుమారు 11 లక్షల 60 వేల మంది మిల్లర్లు తేలారు, దేశంలో ఏడో స్థానం. అందులో జర్మనీ నుంచి వచ్చినదెవరో, ఇంగ్లండు నుంచి వచ్చినదెవరో పేరు చూసి చెప్పగలవారు లేరు.

ఎల్లిస్ ద్వీపంలో అధికారులు పేర్లు మార్చేశారని అందరూ చెప్పుకుంటారు. అది కథే. వారు ఓడవాళ్లు తెచ్చిన పట్టీలతో సరిచూసేవారంతే. మార్చుకున్నది జనమే, బడి కోసం, కొలువు కోసం, 1917లో యుద్ధం వచ్చాక భయం కోసం. అదే సంవత్సరం ఇంగ్లండులో బాటెన్‌బర్గ్ కుటుంబం బర్గ్ అనే కొండను ఇంగ్లీషులోకి తిప్పి మౌంట్‌బాటెన్ అయింది. మన చివరి వైస్రాయి పేరు అలా పుట్టినదే. అందరూ పూర్తిగా మార్చుకోలేదు. 1741లో వచ్చిన ఐజెన్‌హవర్ కుటుంబం రాత కొద్దిగా సవరించుకుని, ఇనుము కొట్టేవాడన్న ఆ పేరుతోనే 1953లో శ్వేతసౌధం చేరింది.

మనవారి పాత అనుభవం ఇంకా ఘాటైనది. మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ 1860 నవంబరులో డర్బన్ చేరింది. ఓడ పట్టీల్లో మనిషి పేరు, తండ్రి పేరు రాశారు, ఇంటిపేరుకు చోటు లేదు. నాయుడు అన్న గౌరవపదం చివర రెండు 'ఓ' అక్షరాలతో అక్కడ ఇంటిపేరైంది. దాని వెనుక ఏ ఊరు ఉన్నదో చాలా కుటుంబాలకు తెలియకుండా పోయింది.

మన దరఖాస్తుల సంగతి మీకు తెలిసినదే. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉంటే, వీసా మీద మొదటి పేరు తెలియదు అన్న అర్థంతో ఎఫ్.ఎన్.యు. అని మూడక్షరాలు పడతాయి. కొందరు ఇంటిపేరును కత్తిరించి పొట్టిచేసుకున్నారు, కొందరు తండ్రి పేరును చివర పెట్టుకున్నారు. తప్పని మేము అనం. ఉద్యోగంలో రోజూ పేరు విడమరిచి చెప్పుకునే శ్రమ ఎవరికి ముద్దు?

కాని రాత మిగిలినంత మాత్రాన అర్థం మిగలదు. కరణం అన్న ఇంటిపేరే తీసుకోండి. ఊరి లెక్కలు రాసే ఆ ఉద్యోగాన్ని 1984లో రామారావుగారి ప్రభుత్వం రద్దు చేసింది. పేరు రద్దు కాలేదు. శ్రీకాకుళం జిల్లా అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరంలో సిడ్నీలో ఇనుప బరువు లేపి ఒలింపిక్ కాంస్య పతకం తెచ్చింది. ఈ పేరు ఇంగ్లీషులో రాస్తే కరణమూ కారణమూ ఒకటే. డెట్రాయిట్‌లోనో హ్యూస్టన్‌లోనో పుట్టిన మనుమడు నిఘంటువు తెరిస్తే, తమ ముత్తాత లెక్కలు రాసేవాడో, ప్రతిదానికీ కారణం అడిగేవాడో తేల్చుకోలేడు. ముల్లర్ పోగొట్టుకున్నది రెండు చుక్కలు. మనం పోగొట్టుకునేవి దీర్ఘాలు, ణకారాలు, ళకారాలు.

అందుకని నిర్వాహకులకు ఒక చిన్న విన్నపం. ఈ సంచికలో సభ్యుల కుటుంబాల పట్టిక వేస్తున్నారు. ఇంగ్లీషు పేరు పక్కన ఇంటిపేరును తెలుగు లిపిలో వేయండి, తెలిసినవారు ఊరి పేరు కూడా రాసి ఇవ్వండి. అచ్చుకు ఒక పేజీయో రెండు పేజీలో ఎక్కువవుతాయి, అంతే. బయట బల్ల మీద కాగితాలు పెట్టించాం. భోజనాలకు వెళ్లేముందు రాసి వెళ్లండి.