చెట్టు ముందు, ప్లాను తర్వాత



మేం ఇల్లు కట్టుకునేటప్పుడు ఆ స్థలంలో ఓ వేపచెట్టు ఉండేది. ప్లానులో కారు షెడ్డు సరిగ్గా అక్కడికే వచ్చింది. కొట్టించేశాం. మరుసటి వేసవికి వాకిట్లో కాలు పెట్టలేకపోయాం. రేకులు వేయించాం. మా అత్తగారిది ములకలపల్లి, భద్రాచలం వైపు అడవి అంచు. ఆవిడ వచ్చి చూసి, "చెట్టు కొట్టి, నీడకు రేకులు కొన్నారా బిడ్డా?" అన్నారు. నాకు నోట మాట రాలేదు.

ఆ మాట తల్చుకున్నప్పుడల్లా నాకు ఇద్దరు జ్ఞాపకం వస్తారు. ఒకరు అమెరికా ఆవిడ, మరొకరు మన ఖమ్మం ఆయన.

బియాట్రిక్స్ ఫరాండ్ 1872లో న్యూయార్కులో పుట్టింది. తోటల రూపకల్పన చదువుకుందామంటే ఆ రోజుల్లో ఆడపిల్లకు కాలేజీ ఏదీ? అందుకని హార్వర్డ్ విశ్వవిద్యాలయం వారి ఆర్నాల్డ్ వృక్షవనంలో, చార్లెస్ సార్జెంట్ అనే పెద్దాయన దగ్గర చెట్లను చూసి నేర్చుకుంది. నేలను బట్టి ప్లాను వేయాలిగాని, ప్లాను కోసం నేలను వంచకూడదన్నది ఆయన బోధ. 1899లో ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టులు అక్కడ సంఘం పెట్టుకుంటే, స్థాపక సభ్యులు 11 మందిలో ఆడమనిషి ఆవిడ ఒక్కతే. చిత్రమేమంటే, ఆ పెద్ద పేరు ఆవిడకు నచ్చేది కాదు. తోటపని చేసేదాన్నని చెప్పుకునేది. వాషింగ్టన్‌లోని డంబార్టన్ ఓక్స్ తోట ఆవిడ తీర్చిందే. తన తర్వాత తన సొంత తోటను చూసేవాళ్లు ఉండరని తేలాక, ముసలితనంలో దాన్ని తానే తీయించేసింది. ఆ మొక్కలు దగ్గర్లోని వేరే తోటలకు వెళ్లి బతికాయి. 1959లో ఆవిడ కన్నుమూసింది.

ఇక మన దరిపల్లి రామయ్యగారు. ఖమ్మం దగ్గర రెడ్డిపల్లి. కాలేజీ చదువు లేదు. చిన్నతనంలో వాళ్లమ్మ వచ్చే పంటకు విత్తనాలు దాచడం చూశారు. అదే ఆయన బడి. సైకిలు మీద మొక్కలు, జేబుల్లో గింజలు, చెట్టును కాపాడితే అది మనల్ని కాపాడుతుందని రాసిన బోర్డు. రోడ్డు పక్కన, కాలువ గట్టున, ఎక్కడ ఖాళీ కనబడితే అక్కడ నాటుకుంటూ పోయారు. పిచ్చివాడన్నవాళ్లూ ఉన్నారు. ఆయన భార్య జానమ్మగారు మాత్రం ఆ పనిలో తోడు నడిచారు. ఆ తోడు లేకపోతే ఇంట్లో పొయ్యి వెలగడమెలాగో మనకు తెలియనిదా! కోటికి పైగా మొక్కలు నాటారని చెప్పుకుంటారు. లోకం ఆయన్ని 'వనజీవి' అంది. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2025 ఏప్రిల్ 12న వెళ్లిపోయారు. చెట్లు ఉన్నాయి.

ఇద్దరిదీ ఒకటే పాఠం. ముందు నేలను చూడు, ఉన్న చెట్టును చూడు. నీ పని తర్వాత.

మనమేం చేయగలం అంటారా? మన వంటింటి చెత్తబుట్టలోనే అడవి ఉందండీ. నేరేడు, వేప గింజలు నిలవుండవు. పండు రాలిన కొద్దిరోజుల్లోనే మట్టిలో వేసేయాలి. చింతపిక్కలు, సీతాఫలం గింజలైతే ఆరబెట్టి కొన్నాళ్లు దాచుకోవచ్చు. చింతపిక్కను రాత్రి నానబెట్టి నాటితే తొందరగా మొలుస్తుంది. పాల ప్యాకెట్టుకు అడుగున చిల్లు పెడితే చాలు, అదే కుండీ. ఇల్లు కట్టేవాళ్లు ప్లాను గీయించే ముందు, ఉన్న చెట్టును అందులో గుర్తు పెట్టించండి. అదొక్కటీ అప్పుడు నాకు తోచలేదు.

ఆ షెడ్డు పక్కనే కిందటి వానాకాలం ఓ వేపమొక్క పెట్టాను. ఇప్పుడు నా భుజం దాకా వచ్చింది. చూడడానికి అత్తగారు లేరు.

సెలవు.