అడుగులేస్తే అరిసెలు



పసిపిల్లల ముచ్చట్లను గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు మమ్మల్ని కోరారు. మేము వృత్తిరీత్యా బడిపంతుళ్ళము. మా తెలుగు సాయంకాలపు తరగతుల్లో కూడబెట్టుకున్న తెలుగు. మాటల్లో ఎక్కడైనా పలకాబలపం వాసన వస్తే మన్నించగలరు.

బిడ్డ నవ్వితే నువ్వుండలు. బోర్లా పడితే బొబ్బట్లు. కూర్చుంటే కుడుములు. పాకితే పాయసం. అడుగులేస్తే అరిసెలు. పలికితే పంచదార చిలకలు. ఈ వరస జిల్లాను బట్టి మారుతుంది. బోర్లా పడితే బూరెలే అని పట్టుబట్టేవారు ఈ సభలోనే ఉన్నారు. గడప దాటితే గారెలు అని కూడా ఉంది గాని, ఇక్కడి ఇళ్ళకు దాటదగ్గ గడప ఏదీ!

పనికీ పిండివంటకూ మొదటి అక్షరం కలవడం చూశారు గదా. చదువు రాని అమ్మమ్మలు కూడా ఏ ముచ్చటకు ఏ వంట అన్నది మరచిపోకుండా ఉండడానికి అదే ఆధారం.

1903లో మద్రాసు రేవు నుండి మొదటి కూలీల ఓడ ఫిజీకి వెళ్ళింది. 1916 దాకా ఆ ఓడలు నడిచాయి. మా తాత, నాయనమ్మ అలా గిర్మిట్ మీద వెళ్ళినవారే. చెరకు తోటల లైన్లలో అందరినీ కలిపిన భాష హిందీ. 1941లో అక్కడ ఆంధ్ర సంఘం ఏర్పడి తెలుగును నిలబెట్టడానికి పాటుపడినా, ఇళ్ళలో మాత్రం మాటలు ఒక్కొక్కటే జారిపోయాయి. మూడవ తరం వాళ్ళమైన మాకు ‘అరిసె’ మిగిలింది, ‘అడుగు’ పోయింది. బియ్యం నానబెట్టి దంచేవారు, బెల్లం పాకం పట్టేవారు, వండిన అరిసెలను తెల్లగుడ్డ మీద పరచి బిడ్డను వాటి మీద నడిపించేవారు. ఎందుకో చెప్పవలసి వస్తే హిందీలో చెప్పేవారు. హిందీలో చెబితే అకారానికి అకారం కలవదు. అప్పుడు అరిసె అయినా ఒకటే, లడ్డూ అయినా ఒకటే.

1987 నాటి కల్లోలాల తరువాత ఎందరో మనవాళ్ళతో పాటు మేమూ ఈ వాంకూవరు ప్రాంతానికి చేరాము. ఇక్కడి సాయంకాలపు తరగతిలో ‘అడుగు’ అనే మాట పలక మీదికి వచ్చిన రోజున గాని మా నాయనమ్మ అరిసెలకు అర్థం మాకు తెలియలేదు.

ఇంకొక విశేషం ఆ చివరనున్న ‘తే’. వ్యాకరణంలో దీనిని చేదర్థకం అంటారు. అడుగు వేస్తేనే అరిసె. ఏ నెలలో వేయాలో మాత్రం అందులో లేదు. పుట్టినరోజు కేకు తారీఖు చూసుకుని వస్తుంది, అరిసె బిడ్డ కోసం కాచుకుని కూర్చుంటుంది. పక్కింటి పిల్ల పదో నెలలో నడిచింది, మా పిల్ల ఏడాది దాటినా నడవలేదు అని కన్నీళ్ళు పెట్టుకున్న తల్లులను చూశాము. ఆపైన ఊళ్ళో పెద్దలు కొందరు ఫోను చేసి, “ఇంకా అరిసెలు పెట్టలేదేమే?” అని అడగడం ఒకటి!

ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశంతో సహా ఐదు దేశాల పిల్లలను పరిశీలించి 2006లో లెక్కలు ప్రకటించింది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ఆసరా లేకుండా నడవడం 8 నెలలు దాటగానే కావచ్చు, 17 నెలలు దాటాకా కావచ్చునట. నూటికి నలుగురు మోకాళ్ళ మీద అసలు పాకనే పాకరు. అంతమాత్రాన వారింట పాయసం మానుకోనక్కరలేదు! అయితే 18 నెలలు నిండినా అడుగు పడకపోతే వైద్యునికి చూపించి తీరాలి. “వీళ్ళ నాన్న కూడా ఆలస్యంగానే నడిచాడులే” అని అప్పుడు పెద్దలు అడ్డుపడరాదు.

తొందర నడక కోసం ఎవరి చేతనైనా బేబీ వాకరు తెప్పించాలని చూడకండి. పిల్లలు వాటితో మెట్ల మీద నుండి దొర్లి తలలకు దెబ్బలు తగిలించుకుంటున్నారని కెనడా 2004లో వాటి అమ్మకాన్ని, దిగుమతిని నిషేధించింది. అన్ని దేశాలకన్నా ముందు మనమే ఆ పని చేశాము. మన పాత మూడు చక్రాల చెక్కబండి ఆ జాతిది కాదు. దానిలో బిడ్డ కూర్చోదు, తన కాళ్ళ మీద నిలబడి తోసుకుంటూ పోతుంది.

అన్నప్రాశనకు మనవారు పెట్టిన ఆరవ నెల ఇక్కడి వైద్యుల మాటతో చక్కగా సరిపోయింది. తేనె మాత్రం ఏడాది నిండేదాకా నాలుకకు తాకించవద్దు. దానివల్ల పసివాళ్ళకు బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. నువ్వుండలు పంచేముందు, నువ్వులు పడనివారు ఎవరైనా ఉన్నారేమో కనుక్కోండి. బిడ్డ నోట మటుకు పెట్టకండి, అవి చూడవచ్చిన వారికి!

ఈ సాయంత్రం ఫలహారాల బల్ల మీద అరిసెలు ఉన్నాయి. మా మనవరాలు పోయిన వారం, పదిహేనవ నెలలో, అడుగులు వేసింది. పంచుతున్నవాడు దాని అన్న, ఆరేళ్ళవాడు. తీసుకునేటప్పుడు “ఎందుకు బాబూ ఇవి?” అని తెలుగులోనే అడగండి. జవాబు రెండు మాటలే, వాడికి వచ్చు.