వనభోజనానికి ఏ కుంపటి?



కార్తీక మాసం దగ్గర పడుతోందంటే మన యిళ్లల్లో వనభోజనాల మాట మొదలవుతుంది. ఒకప్పుడు ఎద్దులబళ్లు కట్టుకుని వెళ్లేవాళ్లు. ఇప్పుడు కారో, వ్యానో మాట్లాడుకుని పెన్నహోబిలానికో, ఆలూరు కోనకో, తిమ్మమ్మ మర్రిమాను దగ్గరికో పొద్దున్నే బయల్దేరుతున్నాం. కొందరు పిల్లలైతే గుడారాలు కూడా వేసుకుని, రాత్రి అక్కడే వుండి వస్తున్నారు. బియ్యం, పప్పు, చింతపండు, ఆఖరికి ఆవాలతో సహా జాబితా రాసుకుని సర్దుతాం గదా, పొయ్యి సంగతి మాత్రం "అక్కడ మూడు రాళ్లు దొరక్కపోతాయా!" అని వదిలేస్తాం.

నేనూ అలా వదిలేసిన మనిషినే. 2018 కార్తీకంలో మేము పద్నాలుగు మందిమి వ్యానులో వెళ్లి, దారి పక్కన ఒక చింతచెట్టు చూసుకుని దిగాం. ఆ ఏడు వానలు సరిగా లేవు. నేలంతా ఎండుగడ్డి. మూడు రాళ్లు పెట్టి, కందికంప విరిచి వేసి, సంగటికి ఎసరు పెట్టాను. అంతవరకూ బాగానే వుంది. ఇంతలో గాలి తిరిగింది. రాళ్ల సందులోంచి ఎగిరిన నిప్పురవ్వ ఎప్పుడు గడ్డిలో పడిందో నేను చూడలేదు. చూసేసరికి మంట గట్టు దాటుతోంది. గట్టుకు అవతల వామి వుంది. వేరుశనగ కాయ పీకేసుకున్నాక మిగిలే శెనక్కట్టె వామి.

పట్నంలో వుండే మనకు అది ఎండిన తీగల కుప్పలాగా కనిపిస్తుంది. ఆ రైతుకు అది ఏడాది పొడుగునా పశువుల తిండి. కాయ పండని సంవత్సరంలో కూడా కట్టె దక్కితే ఎద్దుల్ని సంతకు తోలక్కర్లేదని చూసుకుంటారు. నేను కంగారులో తాగేనీళ్ల క్యాను ఎత్తబోయాను. చేనిలోంచి పరుగెత్తుకు వచ్చిన ఒక పెద్దావిడ, "నీళ్లు పొయ్యాకమ్మా, అవేం చాలవు! మన్నెయ్యండి, మన్ను!" అని కేకపెట్టి, తంగేడు కొమ్మ విరిచి మంట మీద బాదడం మొదలుపెట్టింది. మేమంతా గిన్నెలతో, చేతులతో మన్ను తోడి పోశాం. వామికి నాలుగు బారల దూరంలో మంట ఆగింది. ఆవిడ మమ్మల్ని ఒక్క మాటా అనలేదు. కొమ్మ అక్కడ పడేసి, వామి చుట్టూ ఒకసారి తిరిగి చూసుకుని వెళ్లిపోయింది. తిట్టివుంటే బాగుండేదని యిప్పటికీ అనుకుంటాను.

ఆ సాయంత్రమే నిశ్చయించుకున్నాను, ఇకమీదట పొయ్యి మన వెంటే రావాలని. అయితే ఎలాంటిది? అది తేల్చుకోవడానికి నాకు రెండు కార్తీకాలు పట్టింది.

మొట్టమొదట మా మేనల్లుడు బెంగుళూరు నించి ఒకటి తెచ్చాడు. స్టెయిన్‌లెస్ స్టీలు రేకులు, పుస్తకంలాగా మడిస్తే సంచిలో పట్టేస్తుంది. "అత్తా, ఇది కారులో వేసుకుపోయే పొయ్యి" అని మురిసిపోయాడు. నిజంగానే ముచ్చటగా వుంది. చుట్టూ కూర్చుని చలి కాచుకోవడానికి, జొన్న పొత్తులు కాల్చుకోవడానికి అది చాలు. కానీ రేకు పలచన. రెండు మూడుసార్లు బాగా కాలేసరికి వంకర తిరిగింది, మడతబందులు పట్టేశాయి. పైగా పద్నాలుగు మందికి సంగటి దాని మీద కెలకగలమా? తెడ్డు నాలుగుసార్లు తిప్పేసరికి గిన్నె, పొయ్యి కలిసి నాట్యం చేశాయి. అందుకని నేను చెప్పే మొదటి పరీక్ష యిదే: కొనేముందు, మీరు తీసుకెళ్లబోయే గిన్నెనే అంగడికి పట్టుకుపోండి. దాన్నిండా నీళ్లు పోసి కుంపటి మీద పెట్టి, సంగటి కెలికినట్టు తెడ్డుతో గట్టిగా తిప్పండి. అంగడివాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. కాళ్లు బయటికి విచ్చుకుని వుంటే కదలదు. నిటారుగా వుంటే తప్పకుండా ఒరుగుతుంది.

కాళ్ల ఎత్తు జానెడుకు తక్కువ వుండకూడదు. అంతకంటే కిందికుంటే అడుగు వేడికే గడ్డి అంటుకుంటుంది. ఊచల చట్రం కింద బూడిద పడడానికి పళ్లెం వుండాలి. చట్రం లేకుండా గంపలాగా మూసుకుపోయిన కుంపటికి కిందనించి గాలి ఆడదు, పొగ తప్ప మంట రాదు. కింద గాలి దారీ, పైన గిన్నె ఆనడానికి మూడు ముక్కులూ, పక్కన మూసి తెరిచే చిన్న తలుపూ వున్నవి చూసుకోండి. మన మెట్ట మీద గాలి మామూలు గాలి కాదు గదా! రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది వూరికే కాదు. తలుపు దగ్గరికి వేస్తే బొగ్గు నిదానంగా కాలుతుంది, తీస్తే రాజుకుంటుంది.

పాత బకెట్టుకు లోపల మట్టి మెత్తి చేసే బకెట్టు పొయ్యి కూడా మంచిదే. బరువేగానీ వేడి నిలుస్తుంది, బొగ్గు కలిసివస్తుంది. ఒక్క జాగ్రత్త. జింకు పూసిన బకెట్టులో మట్టి పూత లేకుండా నిప్పు వెయ్యకండి. ఆ పూత కాలితే వచ్చే పొగ పీల్చినవాళ్లకు చలిజ్వరం పట్టుకుంటుంది. పోత ఇనుము కుంపటైతే వేడి మీద చన్నీళ్లు తగిలితే పగులుతుంది. చిన్న గ్యాసు సిలిండరు ఎందుకు కాదూ అంటారా? దాన్ని నిలబెట్టే తీసుకెళ్లాలి, ఎండలో మూసిన డిక్కీలో వుంచకూడదు. పైగా మన గాలికి ఆ మంట గిన్నెకు అంటదు.

అన్నిటికన్నా ముఖ్యమైనదీ, అంగళ్లలో ఎవరూ చూపించనిదీ మూత. మనది పడమటి కనుమల వర్షచ్ఛాయలో వున్న సీమ. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ కురిస్తే. అలాంటి చోట పొయ్యి ఆర్పడానికి రెండు బిందెల నీళ్లు ఎవర్ని అడుగుతాం? గట్టిగా కూచునే మూత పెట్టి, కింది తలుపు వేసేస్తే, గాలి అందక నిప్పు తనంతట తానే చస్తుంది. మన అమ్మమ్మలు పొయ్యిలో మిగిలిన నిప్పులు కుండలో వేసి మూత పెట్టేవాళ్లు, ఆ బొగ్గులు మర్నాటికి పనికొచ్చేవి. అదే పద్ధతి యిది. నీళ్లూ మిగులుతాయి, బొగ్గూ మిగులుతుంది.

బొగ్గంటే గుర్తొచ్చింది. కంపచెట్ల బొగ్గు మన వైపు దొరుకుతుంది, చాలాసేపు కాలుతుంది. శెనగపొట్టు మాత్రం బయట వెయ్యకండి. తేలిక గనక మండుతూనే ఎగిరిపోతుంది.

పొయ్యి పెట్టే చోట రెండు బారల మేర గడ్డి చెక్కేయాలి. గాలి వచ్చే వైపు వ్యాను, గాలి పోయే వైపు కుంపటి, మధ్య కనీసం పదిహేను అడుగులు. గాలి ఎటు వీస్తోందో మీ కొంగే చెబుతుంది. ఆ కొంగు నూలుదైతే మరీ మంచిది, నైలాను చీరతో నిప్పు దగ్గరికి వెళ్లకండి. ఇక తిమ్మమ్మ మర్రిమాను సంగతి. అయిదెకరాల దాకా పాకి, 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కిన చెట్టు అది. దాని ఊడల దరిదాపుల్లో అగ్గిపుల్ల కూడా గీయవద్దు. వంట బయటే.

రాత్రి వుండిపోయే పిల్లలకు ఒక మాట గట్టిగా చెప్పండి. చలిగా వుందని నిప్పుల కుంపటిని గుడారంలోకి గానీ, అద్దాలెత్తిన కారులోకి గానీ తేకూడదు. బొగ్గు కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, ఆ తరువాత మగత. నిద్రలో వున్నవాళ్లకు ఆ మగత కూడా తెలియదు. మంట ఆరినా, నిప్పుల మీద బూడిద కప్పి వున్నా ఆ వాయువు వస్తూనే వుంటుంది. చలికి దుప్పట్లు ఎక్కువ పెట్టండి.

తిరుగు ప్రయాణంలో కుంపటిని గోనెసంచిలో చుట్టకండి. మూత పెట్టి గంటసేపు వదిలేసి, చెయ్యి వెనక వైపుతో తాకి చూసి, చల్లబడితేనే డిక్కీలోకి. లోపల నిప్పుకణిక వుందన్న అనుమానం వుంటే బొగ్గులు గుంటలో పోసి మన్ను కప్పి, ఉత్త కుంపటి తెచ్చుకోండి.

మా యింట్లో వున్నది చివరికి పాతవూరిలో ఒక ఇనుపపని చేసేవారితో చెప్పి చేయించుకున్నదే. మందపాటి రేకు, మూడు కాళ్లు, కింద పళ్లెం, పక్కన తలుపు. మూత మాత్రం ఆయన చెయ్యలేదు. మా అత్తగారి పాత అట్లపెనం ఒకటి అటక మీద వుంటే, తెచ్చి బోర్లించి చూశాను. సరిగ్గా కూచుంది.