ప్రంబనన్‌లో చూసిన రామాయణం, పక్కనే ఉండి చూడని దండారి

(విశ్రాంత ఉద్యోగుల సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"ఇండోనేషియా పోయి వచ్చినవు గదా, నాలుగు మాటలు చెప్పు" అని కార్యదర్శి గారు అడిగారు. నేను ఉపన్యాసకుణ్ణి కాను. ముప్పై నాలుగేళ్లు బాయిలో పనిచేశాను, అందులో చివరి పదిహేనేళ్లు ఓవర్‌మన్‌గా. భూమి లోపల అరిచి మాట్లాడిన గొంతు కాబట్టి నాకు మైకు దండగ అని మా ఇంటావిడ అంటుంది. తప్పులుంటే మన్నించండి.

మా అబ్బాయి ఉద్యోగరీత్యా కొన్నాళ్లు జకార్తాలో ఉన్నాడు. 2023 ఆగస్టులో మమ్మల్నిద్దరినీ అక్కడికి పిలిపించుకున్నాడు. ఆ దేశం కూడా బొగ్గు దేశమే. కలిమంతన్, సుమత్రా దీవుల్లో తవ్విన బొగ్గు ఓడలెక్కి మన దేశానికీ వస్తుంది. సుమత్రాలో సావాలుంటో అనే ఊరి ఒంబిలిన్ గనులను యునెస్కో 2019లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. డచ్చివారి కాలంలో అక్కడ కాళ్లకు సంకెళ్లు వేసిన ఖైదీలతో బొగ్గు తవ్వించారట. అది విన్నాక చూడాలనిపించింది గాని, దూరం ఎక్కువ కావడం వల్ల పోలేకపోయాం. దానికి బదులు అబ్బాయి మమ్మల్ని రైలులో యోగ్యకర్త తీసుకుపోయాడు. అక్కడికి దగ్గరలోనే ప్రంబనన్ ఆలయాలున్నాయి.

ఇవి తొమ్మిదో శతాబ్దంలో కట్టిన గుడులు. నడుమ శివాలయం, ఇరువైపులా బ్రహ్మ, విష్ణువుల ఆలయాలు. శివాలయం ఎత్తు 47 మీటర్లు. ప్రదక్షిణ చేసే దారి వెంట గోడ మీద రామాయణ కథను రాతిలో చెక్కారు. 2006లో వచ్చిన భూకంపానికి గుడులు బాగా దెబ్బతింటే మళ్లీ బాగు చేసుకున్నారు. మా ఇంటావిడ చెప్పులు విడిచి, ప్రతి బొమ్మ ముందూ ఆగి, "ఇది మారీచుడు, ఇది జటాయువు" అని మనవరాలికి చెబుతూ నడిచింది. ఆమె అయిదో తరగతికి మించి చదువుకోలేదు. అయినా ఆ రోజు గైడు అవసరం రాలేదు.

రాత్రి ఆట. 1961 నుంచి అక్కడ రామాయణ నృత్యరూపకం ఆడుతున్నారు. వానలు లేని నెలల్లో ఆరుబయట వేదిక మీద ఆడతారు. వెనుక దీపాల వెలుగులో గుడి గోపురాలు కనిపిస్తుంటాయి. రెండు గంటల ఆటలో పాత్రలు ఒక్క మాట మాట్లాడవు. చెయ్యి, మెడ, కంటిచూపు, నడక, వీటితోనే కథ చెబుతారు. పక్కన గామెలాన్ వాద్యబృందం కూర్చుంటుంది. కంచు గంటలు, కంచు పలకలు, డోలు, వాటితోపాటు పాడేవాళ్లు. మన మేళంలా అది గుండెల మీద కొట్టదు, నీళ్లలో రాయి వేస్తే అలలు లేచినట్టు మెల్లగా వచ్చి చేరుతుంది.

పేర్లు కొంచెం మారతాయి. సీతను షింత అంటారు, రావణుణ్ణి రహ్వన, హనుమంతుణ్ణి హనోమన్ అంటారు. లంకాదహనం వచ్చేసరికి వేదిక మీద నిజంగానే మంట పెట్టారు. వంద మందికి పైగా ఆడుతున్న చోట మంట పెట్టడమంటే, మన కళ్లు ముందు చూసేది భద్రతనే గదా! "ఫైర్ బకెట్లు ఎక్కడున్నాయి?" అని నేను వెతుకుతుంటే అబ్బాయి నవ్వాడు.

జావా దీవిలో ఎక్కువ మంది ముస్లిములు. రాముడి వేషం కట్టినవారిలోనూ, గామెలాన్ వాయించేవారిలోనూ వాళ్లుంటారు. మా కారు డ్రైవరూ ముస్లిమే. "మతం వేరు, మా తాతల ఆట వేరు. రెండూ మావే" అన్నాడు.

ఇక్కడ నేను అసలు సంగతి చెప్పాలి.

ఆట అయిపోయాక ఆ డ్రైవరు, "రేపు సాయంత్రం నేను రాలేను, మా తమ్ముణ్ణి పంపుతాను. మా ఊళ్లో గామెలాన్ ఉంది, నేను వాయించాలి" అన్నాడు. "రేపటి బాడుగ పోతుంది గదా?" అని అబ్బాయి చేత అడిగించాను. "బాడుగ ఎల్లుండి కూడా దొరుకుతుంది. నేను పోకపోతే నా చోటు ఖాళీగా ఉంటుంది" అన్నాడు.

ఆ మాటకు నాకు మన బాయి గుర్తొచ్చింది. 1996 దీపావళి ముందర, నా కింద ట్రామర్‌గా పనిచేసే ఒక గోండు సోదరుడు పది రోజుల సెలవు చీటీ తెచ్చాడు. తిర్యాణి వైపు మనిషి. దండారికి పోవాలి, గుస్సాడీ కట్టాలి అన్నాడు. "ఈకలు కట్టుకుని గంతులెయ్యడానికి పది రోజులా? పండగ ఒక్కరోజు చాలు" అని నలుగురిలో అన్నాను. అందరూ నవ్వారు. అతను ఎదురు చెప్పలేదు. చీటీ మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. పది రోజులూ నాగా పడ్డాయి, జీతం పోయింది. మరుసటి ఏడు నుంచి నాకు చీటీ ఇవ్వడమే మానేశాడు. నేను దాన్ని పట్టించుకోలేదు.

అదే నేను వేల రూపాయలు పెట్టి, సముద్రం దాటి, ఈకలూ కిరీటాలూ కట్టుకుని ఆడేవాళ్లను చూసి చప్పట్లు కొట్టాను. ఆ రాత్రి హోటల్లో మనవరాలు, "తాతా, మన ఊరి దగ్గర ఇలాంటివి ఉంటాయా?" అని అడిగింది. ఉన్నాయమ్మా అన్నాను. "నువ్వు చూశావా?" అంది. గోలేటిలో ఇరవై ఏళ్లు ఉండి చూడలేదని చెప్పడానికి సిగ్గేసింది.

ఆ ఏడాది దీపావళికి పిల్లలు ఇంటికొచ్చారు. నేను ఆ సోదరుడి ఆచూకీ కనుక్కుని, కబురు పెట్టి, అందరినీ వాళ్ల గూడేనికి తీసుకుపోయాను. అతనూ రిటైరయ్యాడు. ఇప్పుడు అతని కొడుకు గుస్సాడీ కడుతున్నాడు.

చూడనివాళ్ల కోసం చెబుతాను. తలమీద నెమలి పింఛాల పెద్ద టోపీ, ఒంటికి బూడిద, భుజాన జంతుచర్మం, చేతిలో దండం, కాళ్లకు గజ్జెలు. దప్పు, గుమేలా మోగుతుంటే వలయంగా తిరుగుతూ ఆడతారు. ఇది వేడుక మాత్రమే కాదు, దీక్ష. దీక్షలో ఉన్నన్ని రోజులు గుస్సాడీలు స్నానం చేయరు. ఒక గూడెం వాళ్లు ఇంకో గూడేనికి విడిదికి పోతారు. అక్కడివాళ్లు ఎదురొచ్చి కాళ్లు కడిగి, అన్నం పెట్టి ఆదరిస్తారు. ఆఖరున కోలాబోడితో దీక్ష విడుస్తారు. ఇదంతా ఒక్కరోజులో అయ్యేది కాదు. పది రోజులు ఎందుకో నాకు ఇరవై ఏడేళ్లకు తెలిసింది.

మా ఇంటావిడా, మనవరాలూ చూస్తుండగానే అతనితో, "ఆనాడు నేనన్న మాట తప్పు, మనసులో పెట్టుకోకు" అన్నాను. అతను కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాగా పడ్డది గానీ దండారి ఆగలేదు సార్" అన్నాడు. మనసులో పెట్టుకోలేదని మాత్రం అనలేదు. మంచం వాల్చి కూర్చోమన్నాడు. కొడుకును పిలిచి, టోపీ ఎట్లా కడతారో మనవరాలికి చూపించమన్నాడు.

మిత్రులారా, మన పాత ఆదిలాబాద్ జిల్లాలోని మర్లవాయికి చెందిన కనకరాజు గారికి గుస్సాడీకి గాను 2021లో పద్మశ్రీ వచ్చింది. ఎంతో మంది పిల్లలకు ఆయన ఈ ఆట నేర్పారు. 2024 అక్టోబరులో పోయారు. జనగామ జిల్లా గడ్డం సమ్మయ్య గారికి చిందు యక్షగానానికి 2024లో పద్మశ్రీ ప్రకటించారు. ఆ చిందు భాగవతం మా నాయన పెట్రోమాక్స్ వెలుగులో తెల్లవార్లూ చూసేవాడు. నేనేమో మొదటి షిఫ్టు ఉందని దుప్పటి కప్పుకునేవాణ్ణి. ఇప్పుడు మనకు షిఫ్టు లేదు. సైరన్ మోగినా మనకోసం కాదు.

కాబట్టి సంఘానికి నా మనవి ఒకటే. ఏటా మనం యాత్రకు బస్సు కడుతున్నాం. వచ్చే దీపావళికి ఒక బస్సు దండారికి కడదాం. ముందుగా గూడెం పెద్దల అనుమతి అడగాలి. గుస్సాడీల మీద చేతులు వెయ్యకూడదు, అడగకుండా ఫోటోలు తియ్యకూడదు. ఖాళీ చేతులతో పోకుండా బియ్యమో పప్పో తీసుకుపోదాం. మనవళ్లు మనవరాళ్లను తప్పక వెంట తేవాలి. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే పని ఉంటుంది కాబట్టి అది చూసుకుని బయల్దేరండి, లేకపోతే తిరిగొచ్చేసరికి పింఛను ఆగుతుంది!

విదేశం పోవద్దని నేను చెప్పను. వీలైనవాళ్లు ప్రంబనన్ తప్పక చూడండి. నేను అక్కడికి పోబట్టే తిర్యాణి దారి పట్టాను.

 ఇక సెలవు. ఈ సెలవుకు ఎవరి సంతకమూ అక్కర్లేదు.