లైనక్స్‌లో అడ్వెంచర్ గేమ్స్: ఆడదాం, చేసినవాళ్ళని నిలబెడదాం

 

మీలో ఎక్కువమంది దీన్ని ఫోన్‌లోనే చూస్తుంటారు, నాకు తెలుసు. అది ఆండ్రాయిడ్ ఫోన్ అయితే దాని అడుగున పనిచేసేది లైనక్స్ కెర్నలే. "లైనక్స్ మనకెందుకులే" అనేవాళ్ళు కూడా రోజంతా దాన్ని జేబులో పెట్టుకునే తిరుగుతున్నారన్నమాట. సరే, ఈరోజు ఫోన్ పక్కనపెట్టి కంప్యూటర్ దగ్గరికి వెళ్దాం. లైనక్స్ మీద చిన్న టీములు చేసే అడ్వెంచర్ గేమ్స్ ఎలా ఆడాలి? వాటిని చేసేవాళ్ళకి మనవంతుగా ఏం చేయొచ్చు? ఈ రెండే మాట్లాడుకుందాం.

ఇప్పుడే ఎందుకంటే, 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11 చూస్తే పాత ప్రాసెసర్లని ఒప్పుకోదు. దాంతో అన్నయ్య చదువుకి కొన్న ల్యాప్‌టాప్, అక్క ఉద్యోగం వచ్చాక వదిలేసిన ల్యాప్‌టాప్, ఇవన్నీ ఇళ్ళల్లో మూలపడుతున్నాయి. నాదీ అలాంటిదే. 4 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. దాంట్లో లైనక్స్ మింట్ వేసుకున్నాను. పెద్ద షూటింగ్ గేమ్స్ దాంట్లో రావు, ఆ ఆశ పెట్టుకోకండి. కానీ అడ్వెంచర్ గేమ్స్ హాయిగా నడుస్తాయి.

అసలు అడ్వెంచర్ గేమ్ అంటే ఏంటి? మీకు ఏడు చేపల కథ తెలుసు కదా. చేప ఎండలేదు, ఎందుకంటే గడ్డిమోపు అడ్డం. గడ్డిమోపు అక్కడే ఎందుకుందంటే ఆవు మేయలేదు. ఆవు ఎందుకు మేయలేదంటే... అలా ఒక్కో కారణం వెనక ఇంకో కారణం పట్టుకుని పోతే చివరికి చీమ దగ్గర తేలతాం. అడ్వెంచర్ గేమ్ అల్లిక కూడా సరిగ్గా ఇదే. తలుపు తెరవాలంటే తాళంచెవి కావాలి. అది కాపలావాడి దగ్గరుంది. వాడు నిద్రపోవాలంటే ఇంకేదో కావాలి. మనం చుట్టూ చూడాలి, మనుషులతో మాట్లాడాలి, దొరికిన వస్తువుని ఎక్కడ వాడాలో ఆలోచించాలి. వేలు ఎంత వేగంగా కదిలిందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. పొడుపుకథ విప్పే ఓపిక ఉంటే చాలు.

ఇక ఆడటం ఎలాగో చూద్దాం. లైనక్స్‌లో మూడు దారులున్నాయి.

మొదటిది, లైనక్స్ కోసమే తయారైన గేమ్. దీన్ని నేటివ్ అంటారు. దీనికి నేను ముందుగా చెప్పే పేరు 'మెషినేరియం'. చెక్ దేశంలోని అమానితా డిజైన్ అనే చిన్న స్టూడియో 2009లో విడుదల చేసింది. విండోస్, మ్యాక్‌లతో పాటు లైనక్స్‌కి కూడా ఇచ్చింది. అందులో ఒక చిన్న రోబో ఉంటుంది. గేమ్‌లో ఎవరూ మాటలతో మాట్లాడరు. అందరూ తమ మనసులో ఉన్నది తలమీద బుడగలో బొమ్మగా చూపిస్తారు. ఇంగ్లీష్ రాదని గేమ్స్‌కి దూరంగా ఉండే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మీ ఇంట్లో ఉంటే దీంతో మొదలుపెట్టించండి.

రెండోది స్కమ్‌వీఎం. లూకాస్‌ఫిల్మ్ గేమ్స్ 1987లో 'మానియాక్ మాన్షన్' అనే గేమ్ కోసం స్కమ్ అనే పద్ధతిని తయారుచేసుకుంది. 1990లో వచ్చిన 'మంకీ ఐలాండ్' కూడా దాని మీదే నడిచింది. తర్వాత కంప్యూటర్లు మారాయి, పాత గేమ్స్ కొత్త మెషీన్ల మీద నడవని పరిస్థితి వచ్చింది. అప్పుడు 2001లో కొందరు ప్రోగ్రామర్లు కలిసి, ఆ గేమ్ ఫైళ్ళని చదివి ఆడించే ప్రోగ్రామ్‌ని మొదటి నుంచి రాయడం మొదలుపెట్టారు. అదే స్కమ్‌వీఎం. ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చొచ్చు. 2021లో వచ్చిన 2.5 వెర్షన్ నుంచి అడ్వెంచర్ గేమ్ స్టూడియోతో చేసిన గేమ్స్ కూడా చాలావరకు దాంట్లో నడుస్తాయి. అడ్వెంచర్ గేమ్ స్టూడియో అన్నది ఒక ఉచిత టూల్. ఇప్పుడు దాని కోడ్ కూడా అందరికీ అందుబాటులో ఉంది. న్యూయార్క్‌లోని వాజెట్ ఐ లాంటి చిన్న సంస్థలు దాంతోనే ఎన్నో గేమ్స్ చేశాయి.

రూపాయి ఖర్చు లేకుండా ఈరోజే మొదలుపెట్టాలా? 1994 నాటి 'బినీత్ ఎ స్టీల్ స్కై' అనే గేమ్ ఉంది. రివల్యూషన్ సాఫ్ట్‌వేర్ వాళ్ళు చేసింది. 2003లో వాళ్ళే దాన్ని ఉచితంగా ఇచ్చేశారు. ఉబుంటు, మింట్ ఏది వాడినా సాఫ్ట్‌వేర్ మేనేజర్ తెరిచి ముందు స్కమ్‌వీఎం, తర్వాత ఈ గేమ్ పేరు వెతకండి. ఇన్‌స్టాల్ నొక్కండి, అంతే. స్కమ్‌వీఎం ఆండ్రాయిడ్‌కీ ఉంది కాబట్టి ల్యాప్‌టాప్ లేనివాళ్ళు ఫోన్‌లోనే ఆడొచ్చు.

మూడోది ప్రోటాన్. వాల్వ్ సంస్థ 2018లో స్టీమ్‌లో పెట్టింది. విండోస్ కోసం చేసిన గేమ్‌ని లైనక్స్‌లో ఆడిస్తుంది. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ అనే చేతి కన్సోల్ కూడా లైనక్సే, అందులో విండోస్ గేమ్స్ నడిచేది దీనివల్లే. కొనేముందు ప్రోటాన్‌డీబీ సైట్‌లో గేమ్ పేరు కొట్టి చూడండి. ఎవరి మెషీన్‌లో ఎలా నడిచిందో వాళ్ళే రాసి ఉంటారు. అయినా నడవకపోతే, కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటల్లోపు అయితే స్టీమ్‌లో డబ్బు వెనక్కి అడగొచ్చు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. "లైనక్సే ఫ్రీ కదా, గేమ్‌కి డబ్బెందుకు పెట్టాలి? క్రాక్ దొరుకుతుంది కదా" అని నన్ను చాలామంది అడుగుతుంటారు.

ఇంగ్లీష్‌లో ఫ్రీ అన్న ఒక్క మాటకి రెండు అర్థాలున్నాయి. మన భాషకి ఆ ఇబ్బంది లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. తెలుగులో లైనక్స్ తెచ్చిన హైదరాబాద్ వాళ్ళు తమ సంస్థకి 'స్వేచ్ఛ' అనే పేరు పెట్టుకున్నది ఊరికే కాదు. లైనక్స్ మనకి ఇచ్చేది స్వేచ్ఛ. అది ఉచితంగా కూడా దొరుకుతుంది, అది వేరే సంగతి. ఇంకొకరి కష్టాన్ని ఊరికే తీసుకోవడానికి అది లైసెన్సు ఇవ్వదు.

మెషినేరియం సంగతే తీసుకోండి. 2010 ఆగస్టులో ఆ స్టూడియో బహిరంగంగా ఒక మాట చెప్పింది. తమ అంచనా ప్రకారం గేమ్ ఆడినవాళ్ళలో డబ్బు కట్టింది 5 నుంచి 15 శాతం మాత్రమేనట. వాళ్ళు తిట్టలేదు, కేసులు పెడతామని బెదిరించలేదు. 20 డాలర్ల గేమ్‌ని కొద్దిరోజులు 5 డాలర్లకే పెట్టి, దొంగ కాపీ ఆడినవాళ్ళు ఇప్పుడైనా కొనుక్కోండి అన్నారు. మీరే చెప్పండి, వందలో ఎనభై ఐదుమంది ఊరికే తినిపోతే ఊళ్ళో టిఫిన్ బండి ఎన్నాళ్ళు నడుస్తుంది?

అదే ఏడాది మే నెలలో ఇంకోటి జరిగింది. హంబుల్ ఇండీ బండిల్ అని కొన్ని చిన్న గేమ్స్‌ని కలిపి, మీకు తోచినంత ఇచ్చి తీసుకోండి అని పెట్టారు. ఎవరు సగటున ఎంత ఇచ్చారో తెలుసా? విండోస్ వాళ్ళు సుమారు 8 డాలర్లు, మ్యాక్ వాళ్ళు సుమారు 10, లైనక్స్ వాళ్ళు 14కి పైనే. ఉచిత సిస్టమ్ వాడేవాళ్ళే అందరికంటే ఎక్కువ ఇచ్చారు! మొత్తం వసూలు 10 లక్షల డాలర్లు దాటాక అందులో నాలుగు గేమ్స్ కోడ్‌ని చేసినవాళ్ళే బయటపెట్టారు. అందులో 'పెనంబ్రా' అనే అడ్వెంచర్ గేమ్ కూడా ఉంది. మనం నమ్మి ఇస్తే వాళ్ళూ నమ్మి ఇచ్చారు.

"మాకు పాకెట్ మనీయే లేదు అన్నా" అంటారా? అర్థమైంది. డబ్బు లేకపోవడం తప్పేం కాదు. ఉచితంగా ఇచ్చిన గేమ్స్ ఉన్నాయి, ఆడండి. డెమోలు ఉన్నాయి, ఆడండి. సేల్ దాకా ఆగండి. ఈలోపు డబ్బుతో పనిలేని సాయం ఒకటుంది. బగ్ రిపోర్ట్.

'డెల్టా వీ: రింగ్స్ ఆఫ్ సాటర్న్' అని ఒక గేమ్ ఉంది. అడ్వెంచర్ కాదు, అంతరిక్షంలో గనులు తవ్వే గేమ్. దాన్ని చేసినాయన 2021లో తన లెక్కలు బయటపెట్టారు. అమ్మకాల్లో లైనక్స్ వాళ్ళు 6 శాతం కూడా లేరు. కానీ వచ్చిన బగ్ రిపోర్టుల్లో దాదాపు 38 శాతం వాళ్ళవే. ఇది వినగానే "అయితే లైనక్స్‌తో తలనొప్పే" అనిపిస్తుంది. కానీ సుమారు 400 రిపోర్టుల్లో లైనక్స్‌కి మాత్రమే సంబంధించినవి మూడే మూడు. మిగతావన్నీ అందరికీ ఉన్న తప్పులే. విండోస్ వాళ్ళు చూసి ఊరుకున్నారు, లైనక్స్ వాళ్ళు వివరంగా రాసి పంపారు. చిన్న టీముకి జీతం ఇచ్చి టెస్టర్లని పెట్టుకునే స్తోమత ఉండదు. ఆ పని మీరు చేసిపెట్టినట్టే.

రిపోర్ట్ ఎలా రాయాలి? "గేమ్ పనిచేయట్లేదు" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఏ లైనక్స్, ఏ వెర్షన్, ఎంత ర్యామ్, ఏ గ్రాఫిక్స్, ఏం నొక్కితే ఏమైంది, మళ్ళీ నొక్కితే మళ్ళీ అవుతోందా. ఇవి ఆరు లైన్లలో రాయండి. వచ్చిన ఇంగ్లీష్‌లోనే రాయండి, వ్యాకరణం ఎవరూ చూడరు. ఒక స్క్రీన్‌షాట్ జతచేయండి.

డబ్బు పెట్టగలిగినవాళ్ళకి రెండు మాటలు. ఒకటి, ఎక్కడ కొంటున్నామో చూసుకోండి. స్టీమ్ మామూలుగా 30 శాతం వాటా తీసుకుంటుంది. ఇచ్.ఐఓ లో ఆ వాటా ఎంతో గేమ్ చేసినవాళ్ళే నిర్ణయించుకోవచ్చు, మామూలుగా 10 శాతం ఉంటుంది. అదే గేమ్ అక్కడ కూడా ఉంటే అక్కడ కొనండి, చేసినవాళ్ళకి ఎక్కువ చేరుతుంది. రెండు, స్టీమ్‌లో కొంటే లైనక్స్‌లోనే ఆడండి. ప్రోటాన్ మీద ఆడినా అది లైనక్స్ అమ్మకంగానే లెక్కకొస్తుంది. కొని విండోస్‌లో ఆడితే మనం ఉన్నట్టే వాళ్ళకి తెలియదు. తెలియనివాళ్ళ కోసం ఎవరూ గేమ్ చేయరు కదా.

ఆడాక నాలుగు మాటల రివ్యూ రాయండి. "మింట్‌లో, 4 జీబీ ర్యామ్‌తో బాగా నడిచింది" అన్న ఒక్క వాక్యం చాలు. మీలాంటి ల్యాప్‌టాప్ ఉన్న ఇంకొకరు ధైర్యంగా కొంటారు. తెలుగులో రాసినా పర్లేదు, మన వాళ్ళు చదువుతారు.

ఈ వారం మీకొక పని. మూలపడిన ల్యాప్‌టాప్ ఉంటే దుమ్ము దులపండి, లేకపోతే ఫోన్‌లోనే స్కమ్‌వీఎం వేసుకోండి. 'బినీత్ ఎ స్టీల్ స్కై' మొదలుపెట్టండి. చిక్కుకుపోతే వెంటనే వాక్‌త్రూ వీడియో వెతక్కండి. ఒక రాత్రి నిద్రపోయి పొద్దున్నే మళ్ళీ చూడండి, చీమ ఎక్కడుందో మీకే కనిపిస్తుంది.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను, నమస్తే.